వానజ్వరం రాని బయ్యన్న

తాడిపత్రి శివార్లలోని ఆ నూలుమిల్లులో ఒక జబ్బు ఉండేది. ఏ డాక్టరు పుస్తకంలోనూ దానికి పేరు లేదు. ఏటా జూన్ ఆఖరుకూ ఆగస్టు మొదటివారానికీ నడుమ, మొదటి మంచి వాన పడిన మరునాడే అది వచ్చేది. వస్తే ఒక్కరికి కాదు, నలభై యాభై మందికి ఒకేసారి వచ్చేది. నాలుగు రోజులుండి పోయేది. అయిదోనాడు అందరూ చేతుల్లో డాక్టరు చీటీలతో, గోళ్లలో ఎర్రమట్టితో డ్యూటీకి వచ్చేవాళ్లు. హాజరు రాసే టైమాఫీసులో దాన్ని వానజ్వరం అనేవాళ్లు.

వాళ్లను అనడానికీ లేదు. మిల్లు పనివాళ్లలో ముప్పాతికమంది చుట్టుపక్కల పల్లెల మెట్టరైతులే. అనంతపురం మెట్టలో నేల విత్తనానికి ఒప్పుకునేది ఏడాదికి రెండు మూడు రోజులు. వాన పడి, మన్ను నాని, విత్తే గొర్రు దిగే మెత్తదనం ఉన్న ఆ కాస్త సమయాన్నే పదును అంటారు. అది దాటితే ఏడాది దాటినట్టే. మిల్లు నిబంధన చూస్తే, ఏడాది సెలవు కావలసినవాడు పదిహేను రోజుల ముందే అర్జీ పెట్టుకోవాలి. పదిహేను రోజుల ముందు వాన ఎవరికి కబురు చేస్తుంది? అందుకని జ్వరం వచ్చేది.

రానివాడు ఒక్కడే. బ్లోరూములో పనిచేసే బయ్యన్న.

యాడికి అనే ఊరి పక్క పల్లె అతనిది. మిల్లు పెట్టిన కొత్తలోనే చేరాడు. పత్తి బేళ్లు విప్పి, దూదిని యంత్రం నోటికి అందించడం అతని పని. షిఫ్టు అయ్యేసరికి కనుబొమ్మలూ మీసాలూ తెల్లబడి ముసలివాడైపోయేవాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కోగానే మళ్లీ నలభై ఏళ్లవాడయ్యేవాడు. ఎక్కువ మాట్లాడడు. సంతకం మాత్రం పొడుగు వేళ్లతో, పెద్దపెద్ద అక్షరాలతో, కాగితం చివరిదాకా పెట్టేవాడు.

టైమాఫీసు గుమాస్తా ముత్యాలప్ప ఆ మిల్లుకు వచ్చింది డెబ్బై ఏడులో. ధర్మవరం పట్టునేత ఇంటి పిల్లవాడు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో చూసింది మగ్గం, విన్నది మగ్గం. వాన అంటే అతనికి తెలిసింది ఒకటే: మగ్గం గుంటలోకి చెమ్మ దిగుతుంది, దారం బిగుసుకుంటుంది, నాయన విసుక్కుంటాడు. అటువంటివాడికి ఆ జూన్ నెలలో బయ్యన్న వచ్చి సెలవు అర్జీ ఇచ్చాడు. జూలై ఫలానా తేదీనుంచి పద్నాలుగు రోజులు. ముత్యాలప్ప ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. సరిగ్గా ఆ తేదీల నడుమ వాన పడింది. మిల్లులో నలభై అయిదుమందికి జ్వరం వచ్చింది. బయ్యన్న మాత్రం కాగితం ప్రకారం వెళ్లి, విత్తుకుని, కాగితం ప్రకారం తిరిగి వచ్చాడు.

మరుసటి ఏడూ అంతే. ఆ మీది ఏడూ అంతే. ఎనభైలోనూ అంతే.

నాలుగేళ్లు వరసగా చూశాక ముత్యాలప్పకు ఒళ్లు జలదరించింది. జూన్ మూడోవారం వస్తే పనివాళ్లు టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగేవాళ్లు: “బయ్యన్న యా తేదీ రాసినాడు సారూ?” చెబితే తామూ అదే తేదీ రాసిచ్చేవాళ్లు. అందరికీ ఇవ్వడానికి మిల్లు ఒప్పుకోదు కనుక ఎనిమిదిమందికో పదిమందికో దొరికేది. మిగిలినవాళ్లు జ్వరానికి ఆగేవాళ్లు. బయ్యన్న అర్జీ అందుకునేటప్పుడు ముత్యాలప్ప తెలియకుండానే లేచి నిలబడేవాడు. ఆకాశంతో మాట్లాడి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడ్డట్టుండేది అతనికి.

ఎనభై ఒకటిలో బయ్యన్న జూలై ఆరునుంచి పంతొమ్మిదిదాకా రాశాడు. ఆరో తేదీ సోమవారం. ఎండ నిప్పులు చెరుగుతున్నది. పదకొండో తేదీ శనివారం సాయంత్రం మబ్బు పట్టి, రెండు గంటలపాటు ధారగా కురిసింది. మిల్లు వసారాలో నిలబడి ముత్యాలప్ప ఆ వానను చూస్తూ, ఇతను మనిషేనా అనుకున్నాడు.

సోమవారం వానజ్వరం వచ్చింది. నలభై మూడుమందికి. మంగళవారం వచ్చిన చీటీల కట్టలో ఒక కార్డు ఉంది. ఎవరో బడిపంతులు రాసిపెట్టినట్టు గుండ్రటి అక్షరాలు: ‘బయ్యన్నకు తొమ్మిదో తేదీనుంచి జ్వరము విడువలేదు. ఆస్పత్రిలో చేర్చినాము. మిల్లువారికి తెలియజేయడమైనది. ఇట్లు, భార్య ఓబులమ్మ వేలిముద్ర.’ పోస్టు ముద్ర చెదిరిపోయి తేదీ కనబడలేదు.

మేనేజరు ఆ కార్డు రెండుసార్లు చదివాడు. ఆయనది కోయంబత్తూరు వైపు. దారం తెగిన చప్పుడు గదిలో కూర్చునే పసిగట్టగలడని పేరు.

“సెలవులో ఉన్నవాడికి జ్వరం ఎందుకు?” అన్నాడు. “సెలవు చాల్లేదేమో. ముందే దారి వేసుకుంటున్నాడు.”

అన్నట్టే ఇరవయ్యో తేదీన బయ్యన్న డ్యూటీకి రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బ్లోరూములో నవ్వుకున్నారు. బయ్యన్నకూ తగిలింది గదా అన్నారు. ముత్యాలప్పకు మాత్రం నవ్వు రాలేదు. హాజరు పుస్తకంలో అతని పేరు ఎదురుగా గీత పెట్టినప్పుడల్లా తనదేదో పోయినట్టనిపించింది.

ఆగస్టు మూడున కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతున్నది. జుట్టు సగం రాలిపోయింది. చేయి చాచి యాడికి ఆస్పత్రి కాగితం లోపల పెట్టాక, ఆ పొడుగు వేళ్లను చూసి గుర్తుపట్టాడు ముత్యాలప్ప.

“ఏం బయ్యన్నా, ఇట్లయిపోయినావే.”

“టైఫాయిడ్ అన్నారు సారూ. ఇరవై మూడు దినాలు పట్టింది. బతికినా.”

కాగితంలో జూలై తొమ్మిదినుంచి ముప్పై ఒకటిదాకా రాసి ఉంది. ముత్యాలప్ప దాన్ని పుస్తకం పక్కన పెట్టాడు. బయ్యన్న మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నిలబడడానికి ఓపిక లేకనేమో అనుకున్నాడు ముత్యాలప్ప.

“కూర్చోరాదా?”

“ఒక మాట అడుగుతా సారూ, తప్పయితే వదిలేయ్. నేను సెలవు తీసుకొన్నది చేనికి. మంచానికి కాదు. మూడు దినాలే నేను సెలవులో ఉండింది. మిగతా పదకొండు దినాలు జ్వరం తినేసింది. ఆ పదకొండూ తిరిగి ఇస్తారా?”

ముత్యాలప్ప నవ్వబోయి ఆగిపోయాడు. ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. సెలవు అయిపోయాక జ్వరమని ఇంకో నాలుగు రోజులు లాగినవాళ్లున్నారు. సెలవు దొరకక జ్వరం తెచ్చుకున్నవాళ్లున్నారు. సెలవులో జ్వరం వచ్చింది, నా సెలవు నాకు తిరిగి ఇవ్వండి అన్నవాడు లేడు. గడిచిన దినం ఎక్కడైనా తిరిగి వస్తుందా?

“చూస్తా ఉండు” అన్నాడు, ఏం చూడాలో తెలియకనే.

మిల్లు గేటు లోపలిపక్క ఒక బోర్డు ఉండేది. నిబంధనలన్నీ తెలుగులో అచ్చువేసి, అద్దం బిగించి పెట్టారు. అద్దం మీద దూదినుసి పేరుకుని లోపలి అక్షరాలు మంచులో ఉన్నట్టుండేవి. దాని నీడలో సైకిళ్లు పెట్టుకునేవాళ్లే తప్ప చదివినవాళ్లు లేరు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక ముత్యాలప్ప తుండుగుడ్డ తడిపి ఆ అద్దం తుడిచాడు. మొదటినుంచీ చదువుకుంటూ వచ్చాడు. ఇరవై రెండో నిబంధన దగ్గర వేలు ఆగింది.

‘వార్షిక సెలవులో నుండు కార్మికుడు వ్యాధిగ్రస్తుడై, ఆ సంగతి వెంటనే తెలియపరచి, వైద్యుని ధ్రువపత్రము దాఖలు చేసినయెడల, అట్టి దినములు వార్షిక సెలవుగా లెక్కింపబడవు. అవి జబ్బు సెలవుగా పరిగణింపబడి సగము జీతము చెల్లింపబడును. మిగిలిన వార్షిక సెలవు కార్మికునికి నిలువయుండును.’

ఎండలో నిలబడి మూడుసార్లు చదివాడు.  నాలుగేళ్లుగా రోజూ ఈ బోర్డు పక్కనుంచే నడిచిపోతున్నాడు. పోయిన రోజుల్ని పట్టి తెచ్చి మనిషి చేతిలో పెట్టే మాట ఒకటి ఇక్కడ అచ్చయి ఉంది. దూది కింద, అద్దం వెనక, అడిగేవాడికోసం ఇన్నేళ్లు కాచుకుని ఉంది. అక్షరం రాని భార్య చేత వేలిముద్ర వేయించి, వెంటనే కార్డు పంపించినవాడు ఈ నిబంధన చదివి పంపలేదు. మిల్లువాళ్లకు చెప్పకుండా పడుకోవడం మర్యాద కాదని పంపాడు. అయినా నిబంధన అడిగింది అదే.

ముత్యాలప్ప వెళ్లి చెబితే మేనేజరు ఇంగ్లీషు నిబంధనల పుస్తకం తీసి చూశాడు. అందులోనూ ఉంది. 

“రూలు ఉంది, ఒప్పుకుంటా. కానీ జ్వరం ఉందా? ఈ జిల్లాలో డాక్టరు చీటీకి నా దగ్గర విలువ లేదు. జూలైలో అసలే లేదు. నువ్వు ఒక పని చెయ్యి. వాడి ఊరికి పోయి వాడి చేను చూసి రా. పచ్చగా ఉందనుకో, జ్వరం లేదు.”

గురువారం ముత్యాలప్ప యాడికి బస్సెక్కాడు. దిగి, పల్లెదాకా రెండుమైళ్లు నడిచాడు. వానపడి ఇరవై ఆరు రోజులయింది. దారికి రెండువైపులా వేరుశనగ జానెడు ఎత్తు లేచి, సాళ్లు సాళ్లుగా కొండ అంచుదాకా పరుచుకుని ఉంది. ఇంత పచ్చదనం అనంతపురం జిల్లాలో ఉంటుందని అతనికి తెలియదు. ఇందుకా ఇంతమంది అబద్ధపు జ్వరం తెచ్చుకునేది అనుకున్నాడు. తానైనా తెచ్చుకునేవాడే.

దారి చూపించడానికి పుల్లన్న అనే రైతు వెంట వచ్చాడు. బయ్యన్న చేనికి పక్క చేను అతనిది. ఒక మలుపు తిరిగాక పుల్లన్న ఆగాడు. చూపించనక్కరలేకపోయింది. ఆ పచ్చటి మైదానం నడుమ నాలుగెకరాల మేర ఎర్రగా, బోడిగా, ఒక్క మొలక లేకుండా నేల పడి ఉంది. నలుచదరంగా, ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు. గెనిమ గట్టుకు ఇవతల ఒక్క మొక్కయినా లేదు, అవతల ఆకు మీద ఆకు.

ముత్యాలప్ప చెప్పులు విడిచి ఆ మట్టిలోకి దిగాడు. ఎందుకు విడిచాడో అతనికే తెలియదు. కాళ్లకింద మన్ను పెళుసుగా విరిగింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ డాక్టరు రాయగలడు?

“మీరంతా ఉండి కూడా ఆయప్ప చేను ఎవరూ విత్తలేదా?” అని అడిగాడు. గొంతులో కొంచెం కోపం ఉంది.

పుల్లన్న తలవంచుకున్నాడు. “పదును రెండు దినాలే సామీ. ఎవురి చేను వాళ్లదే. మా ఇద్దరికీ కలిపి ఒక జత ఎద్దులు. వాని ఎద్దు, నా ఎద్దు. నేను ఆస్పత్రికి పోయి అడిగితిని, ముందు యా చేను విత్తాలని. కండ్లు తెరవలేకుండా పడుకొని ఉండాడు. నీ చేనే విత్తుకో, నీకు పిల్లోళ్లు ఎక్కువ అన్యాడు. నాకు విత్తనాలు కూడా చాల్లేదు. వాళ్లింట్లో ఒలిచి పెట్టిన విత్తనాలు ఓబులమ్మ అక్కతో ఇప్పిచ్చినాడు. ఇదో, ఈ సాళ్లు నాలుగూ వాని విత్తనమే.”

అతను చూపించిన నాలుగు సాళ్లూ గెనిమ పక్కనే ఉన్నాయి, చేయి చాస్తే అందేంత దూరంలో. ముత్యాలప్ప వంగి ఆ ఆకులు తాకాడు.

ఊళ్లో ఓబులమ్మ మజ్జిగ ఇచ్చింది. వద్దన్నా వినలేదు. “చేను చూసినావా నాయనా?” అంది. చూశానన్నాడు. “చేనిదేముందిలే. మనిషి ఉండాడు” అంది ఆమె. 

మరునాడు ముత్యాలప్ప మేనేజరు ముందు నిలబడి చూసింది చూసినట్టు చెప్పాడు. నాలుగు సాళ్ల సంగతి కూడా చెప్పాడు. మేనేజరు కలం మూత తీసి, బయ్యన్న జూలై సెలవు అర్జీ మీద మార్పు రాసి సంతకం చేశాడు. “ఈ రూలు నేను ఇదే మొదటిసారి వాడడం” అన్నాడు. అర్జీ వెనక్కి ఇవ్వకుండా ఇంకాసేపు చూస్తూ కూర్చున్నాడు.

పదకొండు రోజులూ తిరిగి వచ్చాయన్న మాట మిల్లంతా పాకింది. నూలు వడికే రింగుఫ్రేముల దగ్గర ఆడవాళ్లు పని ఆపి చెప్పుకున్నారు. కొందరు బోర్డు దగ్గరికి వెళ్లి, చదవడం రాకపోయినా ఆ అద్దం ముందు నిలబడి వచ్చారు. జబ్బులో ఉన్న రోజులకు సగం జీతం కూడా వస్తుందని చెబితే బయ్యన్నే నమ్మలేదు.

“మంచంలో పండుకొన్నదానికి దుడ్లు ఇస్తారా? ఏమి పని చేసినానని?”

“బతికినావు గదా” అన్నాడు ముత్యాలప్ప.

మరి ఆ పదకొండు రోజులు ఎప్పుడు వాడుకుంటావని అడిగాడు. వేరుశనగకు అదను పోయింది. ఉలవలకు ఉంది. ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరులో ఒక వాన పడితే ఉలవలు చల్లుకోవచ్చు. బయ్యన్న ఆగస్టు ముప్పై ఒకటినుంచి రాయమన్నాడు. ముత్యాలప్ప కలం పట్టుకుని, ఇన్నేళ్లుగా అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగాడు.

“నీకెట్లా తెలుస్తాది బయ్యన్నా? చీమల్ని చూసి చెబుతావా, గాలిని చూసి చెబుతావా? నాకు మాత్రం చెప్పు.”

బయ్యన్న అతనివైపు వింతగా చూశాడు.

“నాకేం తెలుసు సారూ? తెలీకుండానే రాస్తాండా. ఏదో ఒక తేదీ రాయల్ల కదా. నువ్వు వచ్చినాక నాలుగేండ్లూ కుదిరింది. అంతకుముందు ఎన్నిసార్లు తప్పిందో పుస్తకాలు తీసి చూడుపో.”

సాయంత్రం అందరూ వెళ్లాక ముత్యాలప్ప బీరువా తెరిచి పాత హాజరు పుస్తకాలు దించాడు. డెబ్బైనుంచి డెబ్బై ఆరుదాకా ఏడు సంవత్సరాలు. ప్రతి జూలైలోనూ వానజ్వరం ఎప్పుడు వచ్చిందో గీతలను బట్టి ఇట్టే తెలిసిపోతున్నది. బయ్యన్న సెలవు ఎప్పుడు ముగిసిందో కూడా తెలుస్తున్నది. మూడేళ్లు కుదిరాయి. నాలుగేళ్లు తప్పాయి. డెబ్బై రెండులో అతను వాన చూడకుండా తిరిగి వచ్చిన మూడోరోజు వాన పడింది. డెబ్బై ఆరులో రెండోరోజే పడింది. ఆ పేజీలో బ్లోరూము తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి గీతలున్నాయి. ఒక్క పేరు ఎదురుగా మాత్రం నాలుగు రోజులూ హాజరు గుర్తు ఉంది. నాలుగు రోజులూ రెండేసి షిఫ్టులు చేసినట్టు పక్కన రాసి ఉంది.

అంటే చేను పిలుస్తుండగా, ఊరంతా విత్తుకుంటుండగా, మైళ్ల దూరాన పడే వాన చప్పుడు యంత్రాల హోరులో వినబడకుండా అతను బేళ్లు విప్పుతూ నిలబడ్డాడు. ఒక్క చీటీ తెచ్చుకుంటే చాలు. తెచ్చుకోలేదు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

ముత్యాలప్ప ఆ పేజీ మీద చేయి పెట్టాడు. వాన తేదీ తెలిసినవాడనుకుని ఇన్నాళ్లూ లేచి నిలబడ్డాడు. ఆ మాట అబద్ధమని తేలింది. కానీ ఇప్పుడు అతని మీద ఉన్న గౌరవం ముందటికంటే తగ్గలేదు సరికదా, దానికి ఏ పేరు పెట్టాలో తెలియనంతగా పెరిగింది.

మరునాడు బ్లోరూముకు వెళ్లి అడిగాడు. “ఆ నాలుగేండ్లూ నువ్వు కూడా జ్వరమని చెప్పి పోయుండచ్చు గదా?”

బయ్యన్న దూది దులుపుతూ అన్నాడు: “లేని రోగాన్ని పేరు పెట్టి పిలిస్తే పలుకుతాదని మాయమ్మ చెప్పేది సారూ. నాకు బయం.” అతను నవ్వలేదు. నిజంగానే అన్నాడో, మాట దాటేశాడో ముత్యాలప్పకు ఎన్నటికీ తెలియలేదు.

ఆగస్టు ముప్పై ఒకటిన బయ్యన్న సెలవు మీద వెళ్లాడు. రోజులు ఒక్కొక్కటే గడిచాయి. వాన లేదు. ఈసారి మిల్లులో ఎవరూ జ్వరానికి ఎదురుచూడలేదు. అందరూ బయ్యన్న వానకే ఎదురుచూశారు. షిఫ్టు మారేటప్పుడు యాడికి వైపు చూసేవాళ్లు. మేనేజరు కూడా గదిలోనుంచి బయటికి వచ్చి ఆకాశం చూసి లోపలికి పోవడం ముత్యాలప్ప రెండుసార్లు గమనించాడు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. పడమటినుంచి లారీవాళ్లు తడిసి వచ్చారు. యాడికిలో కుండపోత అన్నారు. రేకుల కప్పు కింద మూడొందలమంది ఉన్నారు. యంత్రాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అయినా ఆ మాట అందరికీ వినబడింది.

ఆ ఏడు బయ్యన్నకు ఉలవలు బాగానే అయ్యాయి. మరుసటి ఏడునుంచి మేనేజరు, జూలైలో వాన పడితే రోజుకు పాతికమందికి వంతుల ప్రకారం అదేరోజు సెలవు ఇచ్చే ఏర్పాటు చేశాడు. వానజ్వరం పూర్తిగా పోలేదు గానీ చాలావరకు నెమ్మదించింది.

దసరాకు ముత్యాలప్ప ధర్మవరం వెళ్లినప్పుడు ఇదంతా నాయనకు చెప్పాడు. ఈశ్వరప్ప మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఎర్రపట్టు మీద జరీ అంచు వేస్తున్నాడు. అరవై రెండేళ్ల మనిషి. పన్నెండో ఏట మగ్గమెక్కాడు. జ్వరం వస్తే మగ్గం ఆగేది, మగ్గం ఆగితే పొయ్యి ఆగేది. సెలవు అన్న మాటే ఆ ఇంట్లో ఎవరూ వాడలేదు. కొడుకు చెబుతుంటే వింటూ, పోగుల నడుమ దారం నడిపే నాడె ఆడిస్తున్నవాడు, పదకొండు దినాలు తిరిగి ఇచ్చిన చోట చేయి ఆపాడు.

“పోయిన దినాలా?”

“అవును నాయనా.”

“జ్వరంలో పోయినవి?”

“అవే.”

ఈశ్వరప్ప నాడెను పట్టు మీద పెట్టాడు. పట్టపగలు, అంచు సగంలో ఉండగా అతను అలా చేయడం ముత్యాలప్ప ఎన్నడూ చూడలేదు. గోడకు ఆనుకుని, ఎదురుగా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకోతూరి చెప్పు” అన్నాడు. “ఆయప్ప కిటికీ కాడికి వచ్చి ఏమడిగినాడు, ఆడనుంచి చెప్పు.”